ఎండుచేపల వరసలో రెండు మూరల చోటు

కరోనా తగ్గాక వచ్చిన రెండో చలికాలం అది. బచేలీ వారపు సంతలో నేను ఎండుచేపలు అమ్మడం మొదలుపెట్టి అప్పటికి ముప్పైతొమ్మిదేళ్ళు. మా ఆయన రైల్వేలో ట్రాక్‌మన్. పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి ఆయన వెంట, విశాఖ నుంచి పై రాష్ట్రపు ఇనుప గనులకు పోయే ఈ కిరందుల్ రైలు లైనుకు వచ్చినప్పుడు నాకు హిందీ ఒక్క ముక్క రాదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఒక్క జీతంతో ఆరుగురు తినాలి కాబట్టి పుట్టింటివాళ్ళ చేత నెత్తళ్ళనే చిటికెనవేలంత చేపలు రెండు బుట్టలు తెప్పించి సంతలో కూర్చున్నాను. ఇప్పుడు ఆయన లేరు, పిల్లలు ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు, నేను మాత్రం సంత మానలేదు. ఊరికే కూర్చుంటే తిన్నది అరగదు.

ఈ వ్యాపారం గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. సరుకు విశాఖ, భీమిలి వైపు నుంచి ప్యాసింజరు బండిలో పార్సిల్‌గా వస్తుంది. రాగానే గ్రేడింగ్ చేసుకోవాలి. అంటే సైజును బట్టి, రంగును బట్టి ఏరి వేరు పెట్టడం. నెత్తళ్ళు వెండిలా మెరవాలి. పసుపు తిరిగాయంటే నూనె పాతబడిందన్నమాట. తల విరిస్తే పటుక్కున విరగాలి. వంగితే లోపల మాయిశ్చర్ ఉంది, అంటే చెమ్మ. చెమ్మ చేప తూకానికి బాగుంటుంది గాని నాలుగు రోజులకు పురుగు పడుతుంది. ఇసుక మీద ఆరబెట్టిన సరుకు నేను తీసుకోను. నోట్లో ఇసుక పడితే కొన్నవాళ్ళు నన్ను తిడతారు గాని సముద్రాన్ని తిట్టరు కదా. ఇక్కడివాళ్ళు ఎండుచేపను సుక్సీ అంటారు, నన్ను సుక్సీ డోకరి అంటారు. డోకరి అంటే ముసలమ్మ. నాకు నలభై ఏళ్ళప్పుడే ఆ పేరు పెట్టేశారు. ఇప్పుడు వయసు పేరును అందుకుంది.

సంతలో చోటుకు కాగితం ఉండదు. పంచాయతీ మనిషి వచ్చి వారానికో చీటీ చింపి చేతిలో పెడతాడు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో దాని మీద రాసి ఉండదు. అయినా ఎవరి చోటు వాళ్ళదే. నాకు కుడి పక్కన మిరపకాయలు, వెల్లుల్లి అమ్మే లచ్చన్న. భోపాల్‌పట్నం నుంచి వచ్చినవాడు, నోరు ఊరుకోదు. ఎడమ పక్కన బుద్రి. కొండ అడుగున ఉన్న ఊరి గోండు మనిషి, ఇంచుమించు నా ఈడుది. వానాకాలంలో బాస్తా తెస్తుంది, అంటే పులియబెట్టిన వెదురు కొమ్ములు. మిగతా రోజుల్లో చింతపండు, విస్తరాకులు. ఆ ఏడు దసరా తరువాత బుద్రి కనిపించడం మానేసింది.

అలాంటి ఒక వారం, సంత ముగిసే వేళకు ముల్లంగి అమ్మేవాళ్ళ దగ్గర ఒక ఆడమనిషి వంగి ఏదో ఏరుతోంది. ముల్లంగి ఆకు. అమ్మేవాళ్ళు దుంప ఉంచుకుని ఆకు తెంపి పారేస్తారు, ఆవులు తింటాయి. ఈవిడ ఆవుల కంటే ముందు వెళ్ళి, ముదురు ఆకు వదిలేసి లేత ఆకు ఏరి, కట్టలు కట్టి సంచిలో వేసుకుంటోంది. తెల్లటి మనిషి, చిన్న కళ్ళు, ముక్కుకు బంగారు పువ్వు. ముప్పైరెండు, ముప్పైమూడు ఉంటాయి.

మేకలున్నాయా అని హిందీలో అడిగాను. ఆవిడ నా బస్తాల మీద తెలుగు అక్షరాలు చూసి తెలుగులోనే జవాబిచ్చింది.

"మేకలు లేవు మేడమ్. మేము తింటాం."

నేపాల్ మనిషి. పేరు దిల్‌మాయ. భర్త వాచ్‌మన్. హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో రెండేళ్ళు ఉన్నారట, ఆ తెలుగు అక్కడిదే. తరువాత ఇంకా ఎక్కడెక్కడో తిరిగి, ఇక్కడ ఒక కాంట్రాక్టరు మిషన్ల యార్డుకు కాపలా వచ్చారు. ముల్లంగి ఆకును ఎండలో వాడబెట్టి, దంచి, డబ్బాలో గాలి చొరకుండా కుక్కి, పులిశాక తీసి ఎండబెడుతుందట. వాళ్ళ దేశంలో దాన్ని గుంద్రుక్ అంటారు. ఏడాదంతా నిలవ ఉంటుంది, పులుసుకు చింతపండు కూడా అక్కర్లేదు.

నేను ఎవరినీ అంత తొందరగా మెచ్చుకునేదాన్ని కాదు. కాని ఊరు పారేసినదాంట్లోంచి సరుకు తీసే మనిషి నా కంటికి ఆనుతుంది. నా చేతిలోని చాట పక్కన పెట్టి ఆవిడను కూర్చోమన్నాను.

అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. హోళీకి యార్డు ఎత్తేస్తున్నారు. భర్త పూణేలో వేరే పని చూశాడు. అది ఏడో ఊరు. ఆమెకు మాత్రం ఇక్కడి నుంచి కదలాలని లేదు. ప్రతి ఊళ్ళోనూ నలుగురి పేర్లు తెలిసేసరికి సామాను కట్టాల్సి వస్తోంది. హోళీలోపు ఇక్కడ తన కాళ్ళ మీద తాను నిలబడితే ఉండిపోదామని భర్త ఒప్పుకున్నాడట.

"హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉన్నాను మేడమ్. నా పేరు ఎవ్వరూ అడగలేదు. వాచ్‌మన్ భార్య, ఇటు రా. వాచ్‌మన్ భార్య, చెత్త తీసుకుపో. అంతే."

"నన్ను మేడమంటావేటి? నానేమైనా పంతులమ్మనా?" అన్నాను. "మామ్మ అను. సంతలో అందరూ అలాగే అంటారు. పై వారం నీ సరుకు ఒట్టుకురా, సూద్దాం."

పై వారం తెచ్చింది. చూసి నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గుంద్రుక్‌ను చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, కొవ్వొత్తి మంట మీద అంచులు అతికించి, కంప్యూటర్ షాపులో ప్రింటు తీయించిన చీటీలు అంటించింది. చెప్పుల కొట్టు అవతల, మూలగా కూర్చుంది. గోండు ఆడవాళ్ళు వచ్చి చెయ్యి చాస్తే కవరు వెనక్కి లాక్కుని, ముట్టుకోవద్దు, పాడవుతుంది అంటోంది. వాళ్ళు చెయ్యి తీసేసుకుని వెళ్ళిపోతున్నారు. సాయంత్రానికి ఎన్ని కవర్లు తెచ్చిందో అన్నీ అలాగే ఉన్నాయి.

తప్పు ఆవిడది కాదు. అపార్టుమెంట్లలో వాళ్ళు సీలు వెయ్యని వస్తువు కొనరు, అక్కడ అదే శుభ్రం. మా సంతలో మూత పెట్టిన సరుకు అంటే ఏదో దాచిన సరుకు. ఇక్కడ కొనేవాళ్ళు చేప తల విరుస్తారు, వాసన చూస్తారు, నోట్లో వేసుకుంటారు, ఒక్కోసారి ఉమ్మేస్తారు కూడా. ఉమ్మినా ఊరుకోవాలి.

"ఈళ్ళు కళ్ళతో కొనరు, ముక్కుతో కొంటారు," అని కవర్లన్నీ నేనే చింపి గుడ్డ మీద కుప్ప పోశాను. దిల్‌మాయ ప్రాణం ఉసూరుమంది. చీటీలకు అయిన ఖర్చు తలుచుకుని నా ప్రాణం కూడా ఉసూరుమంది గాని పైకి చెప్పలేదు.

కొసరు వేయడం కూడా నేర్పాను. కొలత అయ్యాక పైన ఒక పిడికెడు వేస్తారు, ఇక్కడ దాన్ని పురౌనీ అంటారు. నేను పిసినారిదాన్నే, మా కోడళ్ళు సాక్ష్యం చెబుతారు. వాడిన టీ ఆకు రెండోసారి మరిగించే ఇల్లు మాది. అయినా కొసరు దగ్గర నేను చెయ్యి బిగపట్టను. కొసరు లేకుండా కొన్న మనిషి సరుకుతో ఇంటికి పోతుంది, కొసరుతో కొన్న మనిషి పై వారం తిరిగి వస్తుంది. కొలత మాత్రం కొంచెం చిన్న డబ్బాతో పెట్టుకోవాలి. అది వ్యాపార రహస్యం, ఇక్కడ రాసేశాను, ఏం చేస్తాం.

చెప్పుల కొట్టు మూల నుంచి తీసి నా పక్కన కూర్చోబెట్టాను. ఎడమ పక్కన. బుద్రి చోట్లో.

లచ్చన్న వెంటనే పట్టుకున్నాడు. "ఏందక్కా ఇది? గా జాగ బుద్రిది. అడగకుంట ఎట్ల కూసోబెడతవ్?"

"రాని మనిషికి జాగా ఏటి?" అన్నాను. "మూడు నెలలై కాళీగా పడున్నాది."

"ఇంట్ల చావైందట. వాళ్ళాయన పోయిండంట."

అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. అని నెత్తళ్ళు ఏరుకోవడంలో పడిపోయాను. లచ్చన్న ఇంకా ఏదో గొణిగాడు. వాడు రోజంతా గొణుగుతూనే ఉంటాడు కాబట్టి పట్టించుకోలేదు.

తరువాత నాలుగు వారాలు మా వరసలో ఉత్సవమే. గుంద్రుక్ వాసన గోండు ఆడవాళ్ళకు తెలిసిన వాసనే, వాళ్ళ బాస్తా పులుపుకు చెల్లెలు లాంటిది. నోట్లో వేసుకుని నవ్వేవాళ్ళు. ఇది ఏ ఆకు అని అడిగి, ముల్లంగి ఆకని తెలిసి, మేము ఆవుకు వేస్తున్నామే అని నెత్తి కొట్టుకునేవాళ్ళు. నేను ఇంట్లో నెత్తళ్ళు వేయించి గుంద్రుక్‌తో పులుసు పెట్టి చూశాను. మా పెద్దకోడలు మూడో ముద్దకు గిన్నె తన వైపు లాక్కుంది. ఆ సంగతి సంతలో చాటాను. దాంతో ఆకు కొన్నవాళ్ళు చేప కొన్నారు, చేప కొన్నవాళ్ళు ఆకు కొన్నారు. దిల్‌మాయ తెలుగు హైదరాబాదు దారి విడిచి మా వైపు తిరిగింది. కొనకుండా వేళ్ళు పెట్టి కెలుకుతున్న ఒక కుర్ర గుమస్తాను చూసి, "ఏటి బాబూ, కొంతావా నేదా?" అని అచ్చు నా గొంతుతో అడిగితే లచ్చన్న మిరపకాయల మీద పడి నవ్వాడు.

అయిదో వారం బుద్రి వచ్చింది.

నెత్తి మీద చింతపండు బుట్ట. మనిషి సగమైపోయింది. వచ్చి మా ముందు నిలబడింది. నన్ను చూసింది, దిల్‌మాయను చూసింది, గుడ్డ మీద కుప్పను చూసింది. రా, కూర్చో, సర్దుకుందాం అన్నాను. బుద్రి బుట్టను నెత్తిన సర్దుకుంది. అలాగే తిరిగి, చెప్పుల కొట్టు అవతల, దిల్‌మాయ మొదట్లో కూర్చున్న ఎండ మూలకు వెళ్ళి బుట్ట దించింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర ఎప్పుడూ స్టాకు ఉంటుంది.

ఆ పై వారం నుంచి గోండు ఆడవాళ్ళు మా ముందు ఆగడం మానేశారు. పలకరిస్తే తల ఊపేవాళ్ళు, కాళ్ళు మాత్రం ఆగేవి కాదు. నా సుక్సీ కోసం ముప్పై ఏళ్ళుగా వచ్చేవాళ్ళు కూడా నన్ను దాటిపోయి, అవతలి వరసలో ఇసుక చేపలు అమ్మేవాడి దగ్గర కొన్నారు. అది నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. రెండు వారాలు అలాగే గడిచాయి. హోళీ నెల రోజుల్లోకి వచ్చింది. దిల్‌మాయ భర్త గిన్నెలు కట్టడానికి అట్టపెట్టెలు తెచ్చి ఇంట్లో పెట్టాడని విన్నాను.  సంత ముగిశాక ఆవిడ అమ్ముడుపోని ఆకును దులిపి సంచిలో వేసుకుంటుంటే చేతులు మెల్లగా కదులుతున్నాయి.

లచ్చన్నే మళ్ళీ నోరు విప్పాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం జేసినట్టున్నది నీ యవ్వారం. పుణ్యం నీకు, జాగ ఆమెది. చావింటికి పోయినవా అక్కా?"

పోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా మోచేతికి మోచెయ్యి తగిలేలా కూర్చున్నాం. నా మనవళ్ళ పేర్లు ఆమెకు తెలుసు. ఆమె ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. వాళ్ళ సంత మాట హల్బీ నేర్చుకున్నాను, వాళ్ళ కొలత నేర్చుకున్నాను, ఎవరికి ఏ చేప ఇష్టమో నేర్చుకున్నాను. ఈ దేశంలో కలిసిపోయాననే అనుకున్నాను. ఒక్క చావింటి గడప తొక్కలేదు.

మర్నాడు దిల్‌మాయను వెంటబెట్టుకుని బయలుదేరాను. చావింటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కాబట్టి బియ్యం కట్టాను. చేపలు కూడా కట్టాలి. రెండో గ్రేడు నెత్తళ్ళు సంచిలో పోశాను. ఎటూ పులుసే కదా, తల విరిగినా రుచి ఒకటే కదా అని. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, అవి ఒంపేసి మొదటి గ్రేడు పోశాను. మా కోడలు చూసి నా ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

షేరింగ్ ఆటో ఆగినచోటు నుంచి గంట నడక. ఎర్రటి దుమ్ము, ఎక్కుడు దారి. నా మోకాళ్ళు ఏడుస్తుంటే దిల్‌మాయ రెండు సంచులూ తన వీపున వేసుకుని మేకపిల్లలా ఎక్కేస్తోంది. నేపాల్‌లో వాళ్ళ ఊరికి రోడ్డు ఉన్నచోటు నుంచి సగం రోజు నడవాలట.

ఊళ్ళోకి వెళ్ళి బుద్రి ఇల్లు ఏదని ఒక ఆడమనిషిని అడిగితే, ఏ బుద్రి అంది. ఇక్కడ బుధవారం పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెడతారు. ఆ ఊళ్ళో అయిదుగురు బుద్రిలు ఉన్నారు. వాళ్ళాయన పేరు ఏమిటంది, నాకు తెలియదు. కొడుకు పేరేమిటంది, అదీ తెలియదు. చివరికి, సంతలో బాస్తా అమ్మే బుద్రి, సుక్సీ డోకరి పక్కన కూర్చుంటుందే, ఆ బుద్రి అన్నాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఆ డోకరివి నువ్వేనా అంది. అంతటితో ఊరుకుని వేలితో దారి చూపించింది.

బుద్రి వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. మా మాటలు హల్బీలోను, హిందీలోను కలగలుపుగా జరిగాయి. నాకు వచ్చిన తెలుగులో రాస్తున్నాను.

"ఏం డోకరి, దారి తప్పావా?"

"నీ ఇంటికే వచ్చాను."

"వచ్చేదానివి అప్పుడే రావాలి."

 దిల్‌మాయ వీపు మీది సంచులు దించి, మట్టి అరుగు మీద కూర్చున్నాను. బుద్రి కోడలు నీళ్ళు తెచ్చింది. తాగాను. ఆయన ఎలా పోయాడని అడిగాను. జ్వరం అంది. ఎన్నాళ్ళు పడుకున్నాడు, ఎవరు మోసుకెళ్ళారు, ఆయన గుర్తుగా రాయి ఎక్కడ నిలబెట్టారు, అడగాల్సినవన్నీ అప్పుడు ఒక్కొక్కటే అడిగాను. బుద్రి చింతపండు మీద చూపు తీయకుండా చెప్పింది. ఆయన పేరు మంగళూ. మంగళవారం పుట్టాడు.

"నా పక్కవాళ్ళు నా చోటు చూసుకుంటారనుకున్నాను," అంది. "అందుకే తొందరపడి రాలేదు."

దిల్‌మాయ అప్పటిదాకా వాకిట్లోనే నిలబడి ఉంది. ముందుకు వచ్చి బుద్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"దీదీ, చోటు మీదని నాకు తెలియదు. వచ్చే వారం నుంచి మీ చోట్లో మీరే కూర్చోండి. నేను లేచిపోతాను."

"లేచి ఎక్కడ కూర్చుంటావు?"

"కూర్చోను. పూణే వెళ్ళిపోతాం."

"అక్కడ నీకు చోటు పెట్టి ఉంచారా?"

దిల్‌మాయ లేదంది. బుద్రి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. ఏ ఊరంది. నేపాల్ అంటే ఎన్ని రోజుల దారి అంది. నాలుగు రోజులు, రెండు రైళ్ళు, ఒక బస్సు, తరువాత నడక అని చెబితే, "అంత దూరం నుంచి వచ్చినదానివి, నా చోటే దొరికిందా నీకు?" అంది. మూతి ఒక పక్కకు వంగింది. అది నవ్వని నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు పక్క నుంచి చూసిన మూతి అది.

దిల్‌మాయ తెచ్చిన గుంద్రుక్ పొట్లం విప్పి ముందు పెట్టింది. బుద్రి చిటికెడు తీసి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. తీర్పు చెప్పబోయే పెద్దమనిషిలా అటూ ఇటూ చూసింది.

"ఎన్ని రోజులు పులియబెట్టావు?"

"పది."

"ఇంకా రెండు రోజులు ఉంచాలి."

"ఉంచితే కంపు వస్తుంది, దీదీ."

"కంపు కోసమే కదా తినేది."

దిల్‌మాయ ఒప్పుకోలేదు. ఆకు వేరు, వెదురు వేరంది. మా ఇళ్ళల్లో కూడా వెదురు కొమ్ము పులియబెడతాం, దానికైతే మీరన్నట్టే ఉంచాలంది. మీ వెదురు ఎలా ఉంటుందని బుద్రి. కొమ్మును నిలువుగా కోస్తారా, అడ్డంగానా. నీళ్ళు ఎన్నిసార్లు మారుస్తారు. పసుపు వేస్తారా. బుద్రి లోపలికి వెళ్ళి కిందటి వానాకాలంది అడుగున మిగిలిన బాస్తా కుండ తెచ్చింది. ఇద్దరూ తలలు కుండలో పెట్టి వాసన చూస్తున్నారు. క్షమాపణ అడగడానికి వచ్చిన నన్ను అరగంట సేపు ఎవరూ పట్టించుకోలేదు. చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండవు కదా.

బయలుదేరేటప్పుడు బుద్రి నన్ను పిలిచింది.

"డోకరి, ఈమెకు చోటివ్వు."

"ఇస్తాను. నీ అవతల పక్క సర్ది..."

"నా పక్క కాదు. నీది ఇవ్వు."

నాకు అర్థం కాలేదు. బుద్రి చెయ్యి చాచి మోచేతి నుంచి వేలి కొస దాకా చూపించింది.

"నేను నీ పక్కకు వచ్చినప్పుడు నీవి రెండు బుట్టలు. ఇప్పుడు ఏడు బస్తాలు. ఏటేటా నువ్వు ఇటు జరిగావు, నేను అటు జరిగాను. ఎప్పుడైనా ఏమైనా అన్నానా? ఇంకా జరిగితే చెప్పుల కొట్లో పడతాను. రెండు మూరలు నాది నీ బస్తాల కింద ఉంది. అది తీసి ఈమెకు ఇవ్వు."

అలా ఏమీ లేదన్నాను. నేను ఒకరి జానెడు నేల తినే మనిషిని కానన్నాను. కోపంగానే అన్నాను. దారి పొడుగునా దిల్‌మాయకు అదే చెప్పాను. ఆమె ఊఁ కొట్టింది గాని, నిజమే మామ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆటో ఎక్కేసరికి నాకే అనుమానం మొదలైంది. మొదట్లో మా ఆయన నా చోటుకు ఒక చివర రైలు పట్టా ముక్క పాతి ఇచ్చారు, వానకు కొట్టుకుపోకుండా గుర్తుగా ఉంటుందని. ఆ ముక్క ఎక్కడుందో చూసి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు.

పై వారం సంతకు అందరికంటే ముందు వెళ్ళాను. ఎడమ వైపు బస్తాలు జరిపి చూస్తే పట్టా ముక్క కనిపించింది. నా గోనెల అంచు దాన్ని దాటి చాలా దూరం వెళ్ళిపోయి ఉంది.

బుద్రి వచ్చింది. దిల్‌మాయ వచ్చి చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. బుద్రి వంగి, పట్టా ముక్క దగ్గర మోచెయ్యి ఆనించి కొలిచింది. ఒకటి, రెండు, ఇంకా నాలుగు వేళ్ళు. అక్కడ పుల్లతో గీత గీసింది. వరసలోవాళ్ళంతా బేరాలు ఆపి చూస్తున్నారు.

"నాలుగు వేళ్ళు వదిలేస్తాను," అంది బుద్రి. "అది పురౌనీ."

లచ్చన్నకు ఇంతకంటే ఏం కావాలి. "అక్కా, నా దిక్కు గూడ ఓసారి కొలువరాదు? రెండు బస్తాల మిరపకాయలు ఏడవోయినయో ఎన్నేండ్ల సంది దేవులాడుతున్న," అన్నాడు.

"నోరు ముయ్యి, నీ మిరపకాయల్లో సగం తొడిమలే," అన్నాను. అని బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఏడు బస్తాలు అయిదు బస్తాల చోట్లో పట్టాయి. గాలి ఆడాలని ఇన్నాళ్ళూ విడివిడిగా పెట్టుకున్నాను. పేర్చినా ఆడింది.

నాకు, బుద్రికి మధ్య ఆ రెండు మూరల్లో దిల్‌మాయ గుడ్డ పరిచింది. మొదటి గంట ఎవరూ ఆగలేదు. తరువాత కొండ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళ గుంపు ఒకటి వచ్చింది. ఎప్పటిలాగే నడిచిపోతుంటే బుద్రి కూర్చున్నచోటి నుంచే గోండిలో ఏదో అరిచింది. ఏమందో నాకు పూర్తిగా తెలియదు. "దిల్‌మాయ" అన్న పేరు మాత్రం స్పష్టంగా వినిపించింది. వాళ్ళు ఆగారు. ఒకావిడ వంగి, గుంద్రుక్ తీసి వాసన చూసి, నోట్లో వేసుకుంది. ఇంకో రెండు రోజులు ఉంచాల్సింది అంది. దిల్‌మాయ కంపు వస్తుందంది. బుద్రి, చూశావా అన్నట్టు నా వైపు తిరిగింది. నా నెత్తళ్ళ మీద కూడా చేతులు పడ్డాయి. తలలు పటుక్కు పటుక్కున విరుగుతుంటే అంత ఇంపుగా ఎప్పుడూ వినపడలేదు.

హోళీకి ముందు వారం దిల్‌మాయ భర్త సంతకు వచ్చాడు. నెమ్మదైన మనిషి. సామాను సంగతి తేల్చుకోవడానికే వచ్చాడు. భార్య కోసం వెతుక్కుంటూ, నేపాలీ మనిషి ఎక్కడ కూర్చుంటుంది అని నలుగురిని అడిగాడట. ఎవరికీ తెలియలేదు. చివరికి ఆకులమ్మే పిల్ల ఒకతి, ఓ, దిల్‌మాయనా, సుక్సీ డోకరికి, బుద్రికి మధ్య, అని చెప్పింది. ఆయన వచ్చి కాసేపు నిలబడి చూశాడు. భార్య కొలిచి, కొసరు వేసి, ఒక గోండు ముసలావిడతో ఏదో వాదిస్తోంది. పూణే మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. అట్టపెట్టెలు మా ఇంటికి వచ్చాయి. వాటిలో రొయ్యపొట్టు బాగా నిలవ ఉంటుంది. ఇప్పుడు ఆయనే వారానికి మూడు సంతలకు సైకిలు మీద ఆవిడ బుట్టలు మోస్తున్నాడు. వానాకాలంలో బుద్రి, దిల్‌మాయ కలిసి బాస్తా వేస్తారు. ఎన్ని రోజులు ఉంచాలన్న తగువు ఇంకా తెగలేదు.

నలభై ఏళ్ళకు పైగా సంతలో కూర్చుని నేను నేర్చుకున్న విద్యలన్నీ సరుకు గురించినవే. ఈ ఒక్కటి మనుషుల గురించి నేర్చుకున్నాను, అదీ ముసలితనంలో. కొత్తగా వచ్చిన మనిషికి చోటు ఇచ్చానని పొంగిపోయాను. ఎవరి చోటులోంచి ఇచ్చానో చూసుకోలేదు. నేనూ ఒకప్పుడు రెండు బుట్టలతో వచ్చినదాన్నేనని, నా కోసం ఎవరో నోరెత్తకుండా ఏటేటా జరుగుతూ వచ్చారని అంతకుముందు నాకు తట్టనే లేదు. ఈ మధ్య బీహారు నుంచి స్టీలు గిన్నెలు అమ్మే జంట ఒకటి వచ్చి, మా వరసలో కొంచెం చోటు దొరుకుతుందా అని అడిగింది. ముందు నా గోనె అంచు మడిచాను. ఆ తరువాతే పక్కవాళ్ళ వైపు చూశాను.